ఫాల్స్ సీలింగ్ చేసే పని, చేయలేని పని

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. అక్కడ పలికిన మాట దాదాపు 5.5 సెకన్ల పాటు మోగుతూనే ఉండేది. మొదటి మాట అణగేలోపే మరికొన్ని మాటలు వచ్చి చేరడంతో శ్రోతలకు ఏదీ స్పష్టంగా తెలిసేది కాదు. దీన్ని సరిచేసే పని వాలెస్ సేబిన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన హార్వర్డ్‌లోనే ఉన్న శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలను తెప్పించి, వీధి సద్దుమణిగిన రాత్రివేళల్లో, వాటి సంఖ్యను పెంచుకుంటూ మోత ఎంతసేపట్లో అణగిపోతోందో కొలిచారు. గది ఘనపరిమాణం పెరిగితే ఆ సమయం పెరుగుతుందనీ, గదిలో ధ్వనిని పీల్చే సామగ్రి పెరిగితే తగ్గుతుందనీ అలా తేలింది.

నేటి కార్యాలయాల్లో ఆ మెత్తల పనిని పైకప్పు కింద ఫాల్స్ సీలింగ్‌గా వేలాడే మినరల్ ఫైబర్ (ఖనిజ పోగులు), గ్లాస్ వూల్ (గాజు పోగుల దూది) పలకలు చేస్తున్నాయి. ధ్వని అంటే గాలి కణాల ముందువెనుకల కదలిక. అది పలకలోని సన్నని, ఒకదానితో ఒకటి కలిసిన రంధ్రాల్లోకి చొరబడినప్పుడు, పోగులతో రాపిడి వల్ల ఆ కదలికలోని శక్తి అతిస్వల్పమైన వేడిగా మారిపోతుంది. అందుకే రంధ్రాలు పూడుకుపోయేలా పలకలకు మామూలు రంగు దట్టంగా వేయడం వాటిని పాడుచేయడమే. గాలి కదలిక గట్టి తలానికి ఆనుకున్న చోట దాదాపు శూన్యమై, తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దూరంలో గరిష్ఠంగా ఉంటుంది. 100 హెర్ట్జ్ బొంగురు ధ్వనికి ఆ దూరం సుమారు 85 సెంటీమీటర్లు. పలకను శ్లాబుకు అతికించకుండా, మధ్యలో ఖాళీ వదిలి కింద వేలాడదీస్తే బొంగురు ధ్వనులు కూడా కొంత అణగడానికి కారణం ఇదే.

పీల్చడం వేరు, అడ్డుకోవడం వేరు. పక్క గదిలోకి మాట పోకుండా ఆపేది బరువు, సందుల్లేని నిర్మాణం. ఒకే పొర ఉన్న అడ్డుగోడ బరువు రెట్టింపైతే, సిద్ధాంతం ప్రకారం, దాటిపోయే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. తేలికైన గ్లాస్ వూల్ పలక బాగా పీలుస్తుంది గాని, దాని గుండా ధ్వని సులువుగా దాటిపోతుంది. నున్నటి జిప్సమ్ బోర్డు అడ్డుకుంటుంది గాని, మాటను గదిలోకే తిప్పికొడుతుంది. ఈ రెండు గుణాలకూ తయారీదారులు వేర్వేరు అంకెలు ఇస్తారు. కొనేవారు ఎక్కువగా అడిగేది మాత్రం రంగూ ధరా!

అడ్డుగోడను ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆపేస్తే అసలు ఇబ్బంది మొదలవుతుంది: మాట పలకల గుండా పైకెక్కి, గోడ మీదుగా సాగి, పక్క గదిలో దిగుతుంది. గోడను శ్లాబు దాకా లేపి అంచులను సీలెంట్‌తో మూస్తే ఆ దారి మూసుకుపోతుంది.