పంక్ రాక్: కొన్ని అపోహలు, వాస్తవాలు

పంక్, అంటే వేగంగా, గట్టిగా సాగే రాక్ సంగీతం. ఆ గిటార్ వాయించేవాళ్లకు తరచూ ఎదురయ్యే మాటలకు ఒకే బ్యాండ్ చరిత్రతో జవాబు చెప్పొచ్చు. 1980లో లాస్ ఏంజెలెస్‌లో హైస్కూలు పిల్లలు మొదలుపెట్టిన బ్యాడ్ రిలీజియన్ నాలుగు దశాబ్దాలు దాటినా ఆగలేదు. గాయకుడు గ్రెగ్ గ్రాఫిన్‌కు అప్పుడు పదిహేనేళ్లు.

అపోహ: మూడు కార్డ్స్ (గిటార్‌పై కలిపి మోగించే స్వరాలు) వస్తే పంక్ వచ్చేసినట్టే.

మొదటి పాటకు అవి చాలు. తర్వాతే ఉంది అసలు పని. 1988 నాటి వీళ్ల ‘సఫర్’ ఆల్బమ్‌లో పదిహేను పాటలు సుమారు 26 నిమిషాల్లో అయిపోతాయి. ఆ వేగంలో మణికట్టు బిగించారా, మూడో పాటకే చెయ్యి పట్టేస్తుంది. చెయ్యి వదులుగా ఉండాలి, అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ ఒంటిపై తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలకు ఆనీ ఆనకుండా ఉండాలి. కాస్త ఎక్కువ ఆనితే స్వరం చచ్చిపోతుంది, తక్కువైతే అంతా రొదే. ఇది చాలదన్నట్టు వీళ్ల పాటల్లో మూడు గొంతుల హార్మొనీ, అంటే ముగ్గురు వేర్వేరు స్వరాల్లో కలిసి పాడటం ఉంటుంది. వాయిస్తూనే పాడాలి. ఒకరి శ్రుతి జారితే మిగతా ఇద్దరి కష్టమూ వృథా.

అపోహ: పంక్ గాయకులకు చదువు అబ్బదు.

గ్రాఫిన్ లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివారు, 2003లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తి చేశారు, రెండుచోట్లా పాఠాలు చెప్పారు. చైనాలో దొరికిన డైనోసార్ల కాలం నాటి ఒక పక్షి శిలాజానికి 2011లో శాస్త్రవేత్తలు ఆయన పేరు కలిపారు. ఆ చదువు పాటల్లోకీ దిగింది. కొన్ని మాటలకైతే నిఘంటువు తీయాల్సిందే, పాడేవాళ్లకు నోరు తిరగదు!

అపోహ: పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం మీద సంతకం చేస్తే బ్యాండ్ పని అయిపోయినట్టే.

ఈ బ్యాండ్‌ను దాదాపు ముంచింది కంపెనీ కాదు, సొంత ప్రయోగం. 1983లో కీబోర్డులు నింపి, వేగం తగ్గించి రెండో ఆల్బమ్ చేశారు. బేస్ గిటార్ వాయించే జే బెంట్లీ రికార్డింగ్ సమయంలోనే వెళ్లిపోయాడు, అభిమానులు మొహం తిప్పుకున్నారు. కోలుకుని మళ్లీ పుంజుకున్నది ‘సఫర్’తోనే. ఆ ప్రయోగాన్ని నేను మాత్రం తప్పుపట్టను. పంతొమ్మిదేళ్లయినా నిండని గాయకుడు ఒకే బాణీలో ఉండిపోవాలనడం అన్యాయం.

కంపెనీ సంగతికొస్తే, గిటారిస్ట్ బ్రెట్ గురెవిట్జ్ తమ పాటలు విడుదల చేసుకోవడానికి పెట్టుకున్నదే ఎపిటాఫ్ సంస్థ. 1993లో బ్యాండ్ దాన్ని వదిలి అట్లాంటిక్ అనే పెద్ద రికార్డు కంపెనీకి వెళ్లింది. మరుసటి ఏడు అక్కడి నుంచి వచ్చిన ఆల్బమ్ బాగుంది, బాగా అమ్ముడైంది కూడా. దెబ్బ తగిలింది అదే ఏడు గురెవిట్జ్ తప్పుకోవడంతో. పాటలు రాసే ఇద్దరిలో ఒకరు లేకపోతే ఆ లోటు వినిపిస్తుంది. 2001లో ఆయన తిరిగొచ్చారు. 2002 ఆల్బమ్ మళ్లీ ఎపిటాఫ్ నుంచే వచ్చింది, పాత పదును అందులో తెలుస్తుంది.

అపోహ: వయసు పైబడితే గొంతు పోయి పంక్ ఆగిపోతుంది.

యూకే సబ్స్ అనే బ్రిటిష్ పంక్ బ్యాండ్ గాయకుడు చార్లీ హార్పర్ 1944లో పుట్టారు, ఆ బ్యాండ్ మొదలైనప్పటికే ముప్ఫై దాటారు. గ్రాఫిన్ అయితే అరిచేది తక్కువ, ప్రతి అక్షరం పలికి పాడతారు. ఈ సంగీతంలో ముందు అరిగేవి డ్రమ్మర్ కీళ్లు. బ్యాడ్ రిలీజియన్ డ్రమ్మర్ బాబీ షాయర్ 2001లో బ్యాండ్ వదిలింది భుజం గాయం వల్లే.