థాయ్‌లాండ్ బోర్డర్ రన్: ముడి పడింది 2008లో

సరిహద్దు దాటి అవతలి దేశంలో ఒక స్టాంపు వేయించుకోవడం, వెంటనే వెనక్కి తిరిగొచ్చి ఇవతల ఇంకో స్టాంపు వేయించుకోవడం. దాంతో టూరిస్టుకు మళ్లీ కొత్తగా రోజులు మొదలవుతాయి. థాయ్‌లాండ్‌లో ఏళ్ల తరబడి సాగుతున్న ఈ బోర్డర్ రన్‌పై అక్కడి ఇమ్మిగ్రేషన్ బ్యూరో 2025 నవంబరులో మరోసారి కన్నెర్ర చేసింది. వీసా అక్కర్లేని ప్రవేశాన్ని వాడుకుంటూ, సరైన కారణం లేకుండా రెండుసార్లకు మించి ఇలా వెళ్లొచ్చేవాళ్లను వెనక్కి పంపుతామని ప్రకటించింది. అప్పటి నుంచి పాత తగాదా మళ్లీ రాజుకుంది. మేం ఒక్కరోజు కూడా గడువు దాటి ఉండలేదు కదా, మాది తప్పెలా అవుతుందన్నది అక్కడ ఉండిపోయేవాళ్ల ప్రశ్న. టూరిస్టు స్టాంపు చూడటానికి వచ్చేవాళ్ల కోసమే గానీ కాపురం పెట్టడానికి కాదన్నది అధికారుల మాట. ఇదివరకు ఈ గొడవతో పెద్దగా సంబంధం లేని భారతీయ పాస్‌పోర్టులు కూడా ఈసారి ఇందులో ఉన్నాయి.

తక్కువ ఖర్చుతో తిరిగే బ్యాక్‌ప్యాకర్ల కాలం నాటి పాత కథను వదిలేద్దాం. అసలు చూడాల్సింది 2006 నుంచి 2008 వరకు నడిచిన రెండేళ్లను. ఎందుకంటే ఈ సమస్యకు సూటిగా జవాబు చెప్పే రూలు థాయ్‌లాండ్ దగ్గర ఉన్నది ఆ రెండేళ్లే.

2006 అక్టోబరు 1న వచ్చిన ఆ రూలు చాలా సింపుల్. వీసా లేకుండా వచ్చే విదేశీయులు ఏ 6 నెలల్లోనైనా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. ఎన్నిసార్లు సరిహద్దు దాటారన్నదానితో పని లేదు, దేశంలో గడిపిన రోజులన్నీ కూడి చూస్తారు. యూరప్‌లోని షెంగెన్ దేశాలు నేటికీ ఇదే పద్ధతిలో ఉన్నాయి. ప్రతి 180 రోజుల్లో 90 రోజులే. అందుకే అక్కడ ఒక పూట షెంగెన్‌లో లేని సెర్బియాకు వెళ్లొచ్చినా ఉపయోగం లేదు. వెళ్లొచ్చిన ఆ రోజు కూడా లెక్కలోనే ఉంటుంది. ముందు గడిపిన రోజులూ ఎక్కడికీ పోవు. రోజుల మొత్తానికి పరిమితి ఉన్నచోట బోర్డర్ రన్ దానంతట అదే అర్థం లేని పని అయిపోతుంది. ఎవరినీ ఆపి, నువ్వెందుకొచ్చావు, ఏం చేస్తుంటావు అని ఆరా తీయాల్సిన అవసరం కూడా పెద్దగా ఉండదు.

ఆ రూలుకు ఇబ్బందులు లేవని కాదు. కౌంటర్ దగ్గర అధికారి పాస్‌పోర్టు పేజీలు తిప్పుతూ స్టాంపుల తేదీలు కూడుకోవాలి. లెక్క దాటినవాళ్లేమో లావోస్‌లోని వియంటియాన్‌కో మలేషియాలోని పెనాంగ్‌కో వెళ్లి అక్కడి థాయ్ కార్యాలయంలో టూరిస్టు వీసా తెచ్చుకునేవాళ్లు. అయినా రెండు పక్షాలకూ ఒకే అంకె కనబడేది. ఎన్ని రోజులు వాడేశామో, ఎన్ని మిగిలాయో టూరిస్టు తనే చెప్పుకోగలిగేవాడు.

2008 నవంబరు 25న దాన్ని తీసేశారు. దాని బదులు వచ్చిన రూలు రోజుల్ని కాకుండా దారిని చూసింది. విమానంలో వస్తే 30 రోజులు, రోడ్డు మీదుగా వస్తే 15 రోజులు. మలేషియా పౌరులకు మాత్రం మినహాయింపు. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా అదే రోజు రాత్రి ఆందోళనకారులు బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయాన్ని ఆక్రమించారు. డిసెంబరు 3 దాకా అది వాళ్ల చేతుల్లోనే ఉంది. విమానంలో వచ్చేవాళ్లకు ఎక్కువ రోజులిచ్చే రూలు, దేశంలోని ప్రధాన విమానాశ్రయం మూతపడిన రోజే అమల్లోకి వచ్చింది! ఆ హడావుడిలో ఇంత పెద్ద మార్పును పట్టించుకున్నవాళ్లు తక్కువ.

రోజులు సగానికి తగ్గిస్తే రోడ్డు దారిన వచ్చేవాళ్లు విసిగిపోతారని అనుకుని ఉండొచ్చు. కానీ మొత్తం మీద పరిమితి ఎగిరిపోయింది. 15 రోజులు, మళ్లీ 15, మళ్లీ 15. ఏడాదిలో 24 సార్లు దాటినా ఇక చాలు అనే వాక్యం ఎక్కడా లేదు. తిరుగుళ్లు తగ్గకపోగా, అదే ఏడాది గడపాలంటే రెట్టింపు అవసరమయ్యాయి. దాని చుట్టూ అల్లుకున్న వ్యాపారానికి ఇంతకన్నా మంచి రూలు ఎవరు రాసిపెడతారు? తెల్లవారకముందే బ్యాంకాక్, పట్టయాల నుంచి మినీవ్యాన్లు కంబోడియా సరిహద్దుకు బయల్దేరేవి. ఫుకెట్ నుంచైతే రనోంగ్ దాకా రోడ్డు, అక్కడ పడవెక్కి మయన్మార్‌లోని కౌథాంగ్. ఉత్తరాన చియాంగ్ మాయ్ వాళ్లకు మే సాయ్ వంతెన, దాటితే మయన్మార్‌లోని తాచిలేక్. బండి, పడవ, అవతలి దేశం ఫీజు అన్నీ కలిపి ప్యాకేజీ. చీకటి పడేలోగా ఇంటికి. ఇదంతా పోలీసుల కళ్లుగప్పి జరిగింది కాదు. ప్రతి స్టాంపూ వేసింది ఇమ్మిగ్రేషన్ వాళ్లే.

తర్వాతి కథంతా ఆ ఖాళీని ఇంకో రకంగా పూడ్చే ప్రయత్నమే. 2013 నవంబరులో జీ7 దేశాలవాళ్లకు రోడ్డు దారిలోనూ 30 రోజులిచ్చారు, అంటే తలుపు ఇంకాస్త తెరిచారు. ఆర్నెల్లు గడిచాయో లేదో, 2014 మేలో సరిహద్దు పోస్టుల్లో జనాన్ని ఆపడం మొదలైంది. వెళ్లిన వెంటనే వెనక్కి వచ్చేవాళ్లకు ఇక స్టాంపు లేదన్నారు. ఆగస్టు నుంచి విమానాశ్రయాల్లోనూ అదే మాట. సరైన వర్క్ పర్మిట్ లేని విదేశీ టీచర్లతో నెట్టుకొస్తున్న ఇంగ్లిష్ స్కూళ్లకు టెన్షన్ పట్టుకుంది. అదే నెలాఖరున ఇంకో తలుపు తెరుచుకుంది. దేశం దాటక్కర్లేదు, ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో 1,900 బాత్ కడితే మరో 30 రోజులు. మినీవ్యాన్‌కు పోయే డబ్బు కౌంటర్‌కు మళ్లిందన్నమాట. ఇందులో తప్పు పట్టడానికేం లేదు, నిజానికి సరిహద్దు దాకా పరుగుకన్నా అది మర్యాదైన పద్ధతే. కాకపోతే మనిషి అదనంగా నెల ఉండటమే ప్రమాదమైతే 1,900 బాత్‌తో ఆ ప్రమాదం ఎలా తగ్గుతుందో ఎవరూ చెప్పలేదు.

2015లో ఆర్నెల్ల మల్టిపుల్ ఎంట్రీ టూరిస్టు వీసా వచ్చింది, ఫీజు 5,000 బాత్. 2016 చివరికల్లా రోడ్డు దారిన వీసా లేకుండా వచ్చేది క్యాలెండర్ ఏడాదికి రెండుసార్లే అని తేల్చారు. అదే ఏడాది మార్చిలో గడువు దాటినవాళ్లకు శిక్షలు కచ్చితంగా అంకెల్లోకి వచ్చాయి. ఓవర్‌స్టేకు అప్పటికే రోజుకు 500 బాత్, గరిష్ఠంగా 20,000 జరిమానా ఉంది. ఇప్పుడు దానికి తోడు, 90 రోజులు దాటాక తమంతట తాము బయటపడేవాళ్లకు ఏడాది నిషేధం, ఏళ్లు పెరిగేకొద్దీ పదేళ్ల దాకా. గడువు మీరినవాడికి తన శిక్ష ఎంతో ముందే తెలుసు. గడువు లోపల ఉన్నవాడికి మాత్రం విమానంలో ఎన్నిసార్లు రావచ్చో, ఎన్ని రోజులుంటే ఎక్కువో తెలియదు.

రెండుసార్ల పరిమితి రోడ్డుకే కాబట్టి జనం విమానమెక్కారు. కౌలాలంపూర్ వెళ్లి రెండోరోజు తిరిగొచ్చేవాళ్లు. తిరిగొచ్చాక థాయ్ విమానాశ్రయంలో ఎదురైంది థాయ్ ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 12వ సెక్షన్. 1979 నాటి ఆ చట్టం ప్రకారం చేతిలో బతకడానికి సరిపడా డబ్బు లేనివాళ్లను, కూలిపనికి వస్తున్నారనిపించినవాళ్లను వెనక్కి పంపవచ్చు. పర్సులో నగదు ఉన్నా, హోటల్ బుకింగ్ చూపించినా అవే క్లాజులు రాసి తిప్పి పంపారని చెప్పేవాళ్లు చాలామంది. అసలు కారణం పాస్‌పోర్టులో స్టాంపులు ఎక్కువైపోవడమే, కానీ దానికి సరిపోయే క్లాజు చట్టంలో లేదు కాబట్టి దగ్గర్లో ఉన్నది అంటించారన్నది వాళ్ల వాదన. ఆ వాదనను కొట్టిపారేయడం కష్టం. 90 రోజుల రూలు ఉండి ఉంటే అధికారి ఆ అంకె చూపించి పంపేవాడు, వచ్చినవాడు అసలు టికెట్టే కొనేవాడు కాదు.

బ్యూరో ఆందోళన కూడా ఉత్తదేం కాదు. పర్మిట్ లేని పనులు, విదేశీయులు నడిపే దొంగ కంపెనీలు, థాయ్ సరిహద్దు పట్టణం మే సోత్ అవతల మయన్మార్ వైపున్న సైబర్ మోసాల స్థావరాలు వాళ్ల ముందున్నాయి. ఆ స్థావరాల నుంచి బయటపడ్డ వందలమంది భారతీయులను 2025లో మే సోత్ నుంచే విమానాల్లో వెనక్కి తెచ్చారు.

కోవిడ్ సంగతి పక్కనపెడితే, మనవాళ్లు ఈ కథలోకి వచ్చింది 2023 నవంబరు 10న. అప్పటిదాకా భారతీయులకు వీసా ఆన్ అరైవల్ కింద 15 రోజులే, ఫీజు 2,000 బాత్. ఆ రోజు నుంచి వీసా లేకుండా 30 రోజులిచ్చారు. 2024 జులై 15న భారత్ సహా 93 దేశాలకు దాన్ని 60 రోజులు చేశారు. ఆఫీసులో 30 రోజుల ఎక్స్‌టెన్షన్ కలిపితే 90. బయటికి వెళ్లొస్తే మళ్లీ 60. అదే నెలలో రిమోట్‌గా పనిచేసుకునేవాళ్లకు ఐదేళ్ల డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) వచ్చింది, దానికి 5 లక్షల బాత్ చూపించాలి. అంత చూపించలేనివాళ్లకు 60 రోజుల స్టాంపే దారి అయింది. పర్యాటకుల కోసం తలుపు బార్లా తెరిచిన ఏడాదిన్నరకే, అందులోంచి వస్తున్నవాళ్లెవరని అడగడం మొదలుపెట్టారు.

60 రోజులను 30కి తగ్గించాలన్న ఆలోచన 2025లో పర్యాటక శాఖ నుంచే వచ్చింది. అది కూడా ఒక్కో ప్రవేశానికి ఎన్ని రోజులన్న లెక్కే. ఏడాది మొత్తానికి ఎన్ని అన్న ప్రశ్న 2008లో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఈలోగా దారులూ తగ్గాయి. 2025 జులై పోరు తర్వాత కంబోడియా వైపు రోడ్డు గేట్లు మూతపడే ఉండటంతో అవతలి సరిహద్దు పట్టణం పొయిపెట్‌కు నడిచే ప్యాకేజీలు ఆగిపోయాయి. బ్యాంకాక్ నుంచి వెళ్లేవాళ్లకు అప్పుడు లావోస్ వైపు నోంగ్ ఖాయ్, మలేషియా వైపు పడంగ్ బెసార్ లాంటివే దిక్కయ్యాయి. అక్కడ కౌంటర్‌లో కూర్చున్న అధికారి రెండోసారా మూడోసారా అని పేజీలు తిప్పుతాడు, కారణం సరైనదా కాదా అన్నదీ ఆయనే తేలుస్తాడు. కాదంటే 48 గంటల్లో అప్పీలు చేసుకునే వీలు చట్టంలో ఉంది. అది తేలేదాకా నిర్బంధంలో ఉండాల్సి రావచ్చు కాబట్టి, వంతెన మీదుగా వెనక్కి నడవడమే చాలామందికి తేలిక.