ఊపిరితిత్తి బయట ఉండే ఆ కొద్ది గంటలు

కుప్పం, చిత్తూరు వైపు గ్రానైట్ క్వారీల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి రాతిపొడి పీల్చినవాళ్లలో కొందరికి సిలికోసిస్ వస్తుంది. ఊపిరితిత్తులు లోపల మచ్చలు కట్టి గట్టిపడిపోతాయి. అలా గట్టిపడినవాటిని మళ్లీ మెత్తబరిచే మందు లేదు. ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకున్నా నాలుగు అడుగులు వేయలేని స్థితి వస్తే మిగిలేది ఊపిరితిత్తుల మార్పిడి ఒక్కటే. ఆ మాట విన్న కుటుంబం ముందు ఖర్చుకు, ఆ తర్వాత దాత దొరుకుతాడో లేదో అని టెన్షన్ పడుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ రెండూ దాటాక ఎదురయ్యే కష్టం. అవయవం దొరికి, ఆపరేషన్ బాగా జరిగినా ఒళ్లు దాన్ని ఒప్పుకోకపోవడం.

ఈ తిరస్కరణ బెడద కిడ్నీ, కాలేయం, గుండెల కంటే ఊపిరితిత్తులకే ఎక్కువ. మిగతా అవయవాలు ఒంట్లో మూతవేసినట్టు భద్రంగా ఉంటాయి. ఊపిరితిత్తులు మాత్రం రోజుకు సుమారు 10,000 లీటర్ల బయటి గాలిని, దాంతోపాటు దుమ్మును, బూజును, వైరస్‌లను లోపలికి తీసుకుంటాయి. అందుకే వాటి నిండా తెల్ల రక్తకణాలు కాపలా కాస్తుంటాయి. దాత నుంచి ఊపిరితిత్తులు తీసినప్పుడు ఆ కాపలా కణాలు కూడా వాటితోనే వస్తాయి. రోగి ఒంట్లోకి వెళ్లాక అక్కడి లింఫు గ్రంథులకు చేరి, ‘పరాయిది వచ్చింది’ అనే సమాచారాన్ని, పరాయివాటి మీద దాడి చేసే టి-కణాలకు అందజేస్తాయి. దాడి అక్కడ మొదలవుతుంది. ఒకసారి సద్దుమణిగినా, బయటి గాలితో వచ్చే ఏదో ఒక ఇన్ఫెక్షన్ దాన్ని మళ్లీ లేపుతుంది. కొన్నేళ్లలో సన్నటి శ్వాసనాళాలు మెల్లగా మూసుకుపోతాయి. ప్రపంచవ్యాప్తంగా చూస్తే ఊపిరితిత్తులు మార్పించుకున్నవారిలో దాదాపు సగం మంది ఆరేడేళ్లకు మించి బతకడం లేదు.

దీన్ని ఆపడానికి ఇప్పుడున్నది టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టిరాయిడ్ లాంటి మందులు. జీవితాంతం మింగాలి. అవి ఒంటి రక్షణ మొత్తాన్ని తగ్గిస్తాయి. టీబీ ఇంకా వదలని మన ఊళ్లలో అది చిన్న ప్రమాదం కాదు. టాక్రోలిమస్ కిడ్నీలను దెబ్బతీస్తుంది, షుగర్ తెస్తుంది. ఒక అవయవాన్ని కాపాడటానికి మనిషి మొత్తాన్ని బలహీనపరచాల్సి వస్తోంది. అలా కాకుండా, ఒంట్లో పెట్టకముందే ఆ ఊపిరితిత్తులనే సిద్ధం చేస్తే?

పాత పద్ధతిలో అందుకు వీలుండేది కాదు. తీసిన ఊపిరితిత్తులను చల్లటి ద్రావణంతో కడిగి, ఐసు పెట్టెలో ఉంచి, ఆరు నుంచి ఎనిమిది గంటల్లో అమర్చాలి. చలిలో కణాలు దాదాపు నిద్రపోతాయి కాబట్టి ఏ మందూ పనిచేయదు. స్వీడన్‌లోని లుండ్‌లో స్టిగ్ స్టీన్ బృందం 2000లో వేరే దారి చూపింది. ఊపిరితిత్తులను పారదర్శకమైన మూత కింద ఉంచి, 37 డిగ్రీల వేడిలో వెంటిలేటర్‌తో గాలి అందిస్తూ, రక్తనాళాల గుండా పోషక ద్రవాన్ని పంపు చేశారు. ఆ తర్వాత కెనడాలోని టొరంటో వైద్యులు, ముఖ్యంగా షాఫ్ కేశవ్‌జీ, మార్సెలో సైపెల్, దీన్ని గంటల తరబడి సాగేలా తీర్చిదిద్దారు. ఒంటి బయట ఊపిరితిత్తులు పొంగుతూ, తగ్గుతూ ఊపిరి తీసుకుంటాయి. పనికిరావని పక్కనపెట్టేవాటిని కూడా ఇలా పరీక్షించి, నీరు తగ్గించి, వాడుకోగలుగుతున్నారు.

ఈ యంత్రం మొదటి మేలు సాదాసీదాది. ద్రవం తిరిగేకొద్దీ దాత కాపలా కణాలు కొన్ని బయటికి కొట్టుకొచ్చి ఫిల్టర్‌లో చిక్కుకుంటాయి. కొత్తవాళ్లు దిగేముందు ఇల్లు కడిగి సున్నం కొట్టినట్టు. రెండోది వాపును చల్లార్చడం. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి ఒంట్లో వాపు పుట్టించే రసాయనాలు ఎగసిపడతాయి. ఐఎల్-10 అనే ప్రొటీన్ వాపును అణచగలదు. దాని జన్యువును బలహీనపరచిన వైరస్ ద్వారా ఊపిరితిత్తుల్లోకి పంపి, అవి బాగుపడటాన్ని టొరంటో బృందం 2009లో చూపించింది.

మూడోది నాకు బాగా నచ్చిన పరిశోధన. రక్తం గ్రూపు అంటే మనకు రక్తమే గుర్తొస్తుంది. ఆ గ్రూపును నిర్ణయించే చక్కెర గుర్తులు రక్తనాళాల గోడల మీదా ఉంటాయి. అందుకే ‘ఓ’ గ్రూపు రోగికి ‘ఓ’ దాతే కావాలి. మన పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియాలోని ఎంజైములు ‘ఏ’ గుర్తును కత్తిరించగలవు. 2022లో ప్రచురితమైన ప్రయోగంలో, మార్పిడికి పనికిరావన్న ‘ఏ’ గ్రూపు ఊపిరితిత్తులకు యంత్రం మీదే ఆ ఎంజైములను పట్టించారు. నాలుగు గంటల్లో 97 శాతానికి పైగా గుర్తులు పోయాయి. ఇందులో ఒక చిక్కుంది. కణాలు బతికే ఉంటాయి కాబట్టి ఆ చక్కెరలను మళ్లీ తయారుచేసుకుంటాయి. మొదటి రోజుల్లోని తీవ్రమైన దాడి తప్పించుకోవడమే దీని లక్ష్యం. ఇంకో సంగతి, మన దగ్గర ‘ఏ’ కంటే ‘బి’ గ్రూపు వాళ్లే ఎక్కువ. ‘బి’ గుర్తుకు వేరే ఎంజైము కావాలి. ఆ పని మన ప్రయోగశాలలు చేపట్టాలని నా కోరిక.

జర్మనీలోని హానోవర్ శాస్త్రవేత్తలు ఇంకా లోతుకు వెళ్లారు. ‘ఇది నాది, అది పరాయిది’ అని టి-కణాలు పోల్చుకునే గుర్తులను హెచ్‌ఎల్‌ఏ అంటారు. అలాంటి గుర్తుల తయారీని యంత్రం మీద ఉండగానే తగ్గించే జన్యు సూచనలను పంది ఊపిరితిత్తుల్లోకి పంపి, వేరే పందులకు అమర్చారు. మందులు కొద్ది వారాలకే ఆపేశారు. మామూలు ఊపిరితిత్తులు పొందిన పందులు కొన్ని నెలల్లోనే వాటిని తిరస్కరించాయి. మార్చినవి పొందినవాటిలో ఎక్కువ భాగం రెండేళ్లు నిలిచాయి. గుర్తులను తగ్గించారే తప్ప పూర్తిగా తుడిచేయలేదు. అసలు గుర్తే లేని కణం కనిపిస్తే ఎన్‌కే అనే మరో రకం కాపలా కణాలు చంపేస్తాయి మరి. మనుషుల్లో ఇంకా ప్రయత్నించాల్సి ఉంది.

2023 జనవరిలో తిరుపతి పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో మొదటి గుండె మార్పిడి జరిగింది. గుండె ప్రయాణమంటే గడియారంతో పరుగే. తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల్లో బ్రెయిన్ డెడ్ అయిన దాతల ఊపిరితిత్తులకు కూడా ఇప్పుడు అదే పరుగు. ఇక్కడో, మూడు నాలుగు గంటల దూరంలోని చెన్నైలోనో ఈ యంత్రం అందరికీ అందితే ఆ హడావిడి తగ్గుతుంది, చికిత్సకు సమయం దొరుకుతుంది. అడ్డు ఖర్చే. ఒక్కసారి వాడి పారేసే గొట్టాలు, ఫిల్టర్లు, ప్రత్యేక ద్రవం చాలావరకు దిగుమతి సరుకే. వీటిని మన దేశంలో చవగ్గా చేయగలిగితే, క్వారీ కూలీకి కూడా ఈ చికిత్స అందే వీలుంటుంది.