కొండకీ టవర్‌కీ తేడా తెలియని టీవీ

ఒక పాఠకుడు అడిగారు: "మా ఇంటికి రెండు టీవీ ట్రాన్స్‌మిటర్ల సిగ్నల్ అందుతుంది. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలో అవే ఛానళ్లు వేస్తున్నాయట. ఒకదాన్నొకటి పాడు చేసుకోవాలి కదా, ఎందుకు చేసుకోవట్లేదు? ఇంకో విడ్డూరం. జోరున వాన కురుస్తున్నా బొమ్మ నిక్షేపంలా ఉంటుంది. ఆకు కదలని, మబ్బు తునక లేని సాయంత్రాల్లో మాత్రం గళ్లు గళ్లుగా విరిగిపోతుంది."

రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే: ప్రతిధ్వని. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తాను. వాన సంగతి చివర్లో.

పాత అనలాగ్ టీవీ చూసినవాళ్లకి నీడ బొమ్మ గుర్తుండే ఉంటుంది. వార్తలు చదివే మనిషికి కాస్త కుడివైపున అదే మనిషి వెలిసిపోయినట్టు మరోసారి కనబడేవాడు. టవర్ నుంచి నేరుగా వచ్చిన తరంగం ఒకటి, ఏ కొండకో భవనానికో తగిలి చుట్టు తిరిగి వచ్చింది ఇంకొకటి. రెండోది ఆలస్యంగా వస్తుంది కాబట్టి పక్కకి జరిగి పడుతుంది. ఎంత ఆలస్యమో స్కేలు పెట్టి కొలవొచ్చు. 625 గీతల పద్ధతిలో ఒక్కో గీతకి 64 మైక్రోసెకన్లు, అందులో తెర మీద కనబడేది 52. ఇరవై అంగుళాల తెర వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు. అంటే తెర మీద ఒక సెంటీమీటరు గీసేందుకు 1.3 మైక్రోసెకన్లు. రేడియో తరంగం మైక్రోసెకనుకి 300 మీటర్లు పోతుంది కాబట్టి ఈలోగా అది 390 మీటర్లు దాటేస్తుంది. నీడ రెండు సెంటీమీటర్లు పక్కన పడిందంటే, ఆ తరంగం దాదాపు 780 మీటర్లు అదనంగా తిరిగి వచ్చిందన్నమాట. ఇంట్లో కూర్చునే కొండ దూరం కొలిచినట్టు! చిన్నప్పుడు నేను నిజంగానే స్టీలు స్కేలుతో కొలిచాను. ఏం కొలుస్తున్నానో నాకు తెలియదు. తెర మీద గీత పడినందుకు చీవాట్లు మాత్రం పడ్డాయి.

అనలాగ్‌లో నీడ చిరాకే గానీ ప్రమాదం కాదు. అంకెలు పంపే డిజిటల్‌కి అది ప్రాణాంతకం. ఎందుకో చూడండి. లోయకి అవతల ఉన్న స్నేహితుడికి మీరు ఒక పొడుగాటి అంకెల జాబితా అరిచి చెప్పాలి. చుట్టూ కొండలు. గబగబా చదివితే, మీ "ఏడు" కొండకి తగిలి అతన్ని చేరేసరికి మీరు "మూడు" అంటుంటారు. అతనికి వినబడేది ఏడూ కాదు, మూడూ కాదు. ఒక్కో అంకె చెప్పి, ప్రతిధ్వని సద్దుమణిగాక రెండోది చెప్తే అర్థమవుతుంది గానీ పని తెమలదు.

టీవీకి ఆ తీరిక లేదు. డీవీబీ-టీ అంటే టవర్ల నుంచి డిజిటల్ టీవీ పంపే ఒక పద్ధతి. అందులో ఒక మామూలు ఛానల్ సెకనుకి 54 లక్షల సంకేతాలు పంపాలి. ఒకే గొంతు వాటిని వరసగా చదివితే ఒక్కో సంకేతానికి దొరికేది 0.185 మైక్రోసెకను. ఆపాటి సమయంలో తరంగం నడిచేది 55 మీటర్లు. ఎదురింటి గోడకి తగిలి వచ్చిన ప్రతిధ్వని కూడా తర్వాతి సంకేతం నెత్తిన పడుతుంది.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. గబగబా చదివే ఒక్కణ్ణి పక్కన పెట్టి 6,817 మంది గాయకుల బృందాన్ని నిలబెట్టారు. ఒక్కొక్కరిదీ ఒక్కో శ్రుతి, అది ఎప్పటికీ మారదు. దరువు పడగానే అందరూ కలిసి ఎత్తుకుంటారు, తర్వాతి దరువుదాకా అలాగే లాగుతారు. ఎంత గట్టిగా పాడుతున్నారు, తరంగాన్ని ఏ దశలో ఎత్తుకున్నారు అన్నదాంట్లో 64 రకాలు. అంటే ఒక్కో గాయకుడు దరువుకి 6 బిట్లు మోస్తాడు. దరువు పడేది సెకనుకి 893 సార్లే. ఇందాకటి మనిషితో పోలిస్తే ఇది నత్తనడక. కానీ వేలమంది నత్తనడక నడిచినా మొత్తం సరుకు అంతే చేరుతుంది. దీన్నే ఓఎఫ్‌డీఎం అంటారు.

ఇప్పుడు ప్రతిధ్వని ఏమవుతుందో చూడండి. దరువుకీ దరువుకీ మధ్య 1,120 మైక్రోసెకన్లు. వినేవాడు మొదటి 224 మైక్రోసెకన్లు చెవులు మూసుకుంటాడు, మిగిలిన 896లోనే వింటాడు. కిందటి దరువు తాలూకు ప్రతిధ్వనులన్నీ ఆ మొదటి భాగంలో వచ్చి పోతాయి. చెవులు తెరిచాక వచ్చే ప్రతిధ్వని ఈ దరువుదే, అదే శ్రుతిలో అదే పాట. అది పాటని చెడగొట్టదు, ఒక్కో గొంతుని కాస్త పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, అంతే. ఈ చెవులు మూసుకునే సమయం పేరు గార్డ్ ఇంటర్వెల్. సమయంలో ఐదో వంతు దండగే. కానీ 224 మైక్రోసెకన్లంటే 67 కిలోమీటర్లు. ఇందాకటి 55 మీటర్లెక్కడ, ఈ 67 కిలోమీటర్లెక్కడ!

ఒక్కోసారి నేరుగా వచ్చిన తరంగం, చుట్టు తిరిగి వచ్చింది ఎదురెదురై కొందరు గాయకుల గొంతు పూర్తిగా నొక్కేస్తాయి. అందుకే ఒకే చోటి సమాచారాన్ని దూరదూరంగా ఉన్న గాయకులకి పంచి, పైన దిద్దుబాటు కోడ్ తొడుగుతారు. కొందరు మూగబోయినా మిగతావాళ్లని బట్టి పూరించుకోవచ్చు. 6,817 మందిలో కార్యక్రమాన్ని మోసేది 6,048 మందే. మిగతావాళ్లలో చాలామంది రిసీవర్‌కి ముందే తెలిసిన పాట పాడుతుంటారు. అది ఎలా మారి చేరిందో చూసి, ఈ లోయ ఏ శ్రుతిని ఎంత వంకర తిప్పుతోందో రిసీవర్ లెక్క వేసుకుంటుంది.

ఇంతమంది ఒక్కసారి పాడుతుంటే ఒక్కొక్కరి గొంతు విడదీసేది ఎలా? ఇంటర్మీడియట్‌లో లెక్కలు చదివినవాళ్లు ఎం, ఎన్ వేర్వేరు పూర్ణసంఖ్యలైతే సైన్ ఎంఎక్స్‌ని సైన్ ఎన్ఎక్స్‌తో గుణించి, పూర్తి ఆవర్తనం మీద సమాకలనం చేస్తే సున్నా వస్తుందని బట్టీ పట్టే ఉంటారు. నేనూ పట్టాను. ఆ సున్నా దేనికని క్లాసులో అడిగితే పరీక్షకి అన్నారు. దేనికంటే దీనికి. 896 మైక్రోసెకన్లలో ఒక్కో గాయకుడి తరంగం సరిగ్గా పూర్ణసంఖ్యలో చుట్లు తిరుగుతుంది. ఒకడు 500 తిరిగితే పక్కవాడు 501. శ్రుతుల మధ్య ఎడం 1,116 హెర్ట్జ్. మొత్తం రొదని 500వ వాడి తరంగంతో గుణించి కూడితే మిగతావాళ్లందరి ఎత్తులూ పల్లాలూ చెల్లుకు చెల్లై సున్నా అయిపోతాయి, అతనొక్కడే మిగులుతాడు. ఈ పని నేరుగా చేయాలంటే 8,192 బిందువుల మీద దరువుకి 6.7 కోట్ల గుణకారాలు. ఎఫ్‌ఎఫ్‌టీ అనే అడ్డదారిలో లక్ష పైచిలుకుతో సరిపోతుంది. 1965లో కూలీ, ట్యూకీ అనే అమెరికన్ గణితవేత్తలు ప్రచురించిన ఆ అడ్డదారిని జర్మన్ గణితవేత్త గాస్ 1805 ప్రాంతంలోనే గ్రహశకలాల కక్ష్యల కోసం వాడుకుని కాగితాల్లో వదిలేశాడు. మీ టీవీలోని చిప్ ఆ లెక్కని సెకనుకి 893 సార్లు చేస్తోంది.

ఇక అసలు ప్రశ్న. లోయలో ఇంకో కొండ మీద రెండో బృందాన్ని నిలబెట్టండి. అదే పాట, అవే శ్రుతులు, అదే దరువు. వినేవాడికి ఇది ఇంకో బృందమని తెలుస్తుందా? తెలియదు. వాడి లెక్కలో అదొక ప్రతిధ్వని, అంతే. తరంగం కొండకి తగిలి వచ్చిందో, వేరే టవర్ నుంచి బయల్దేరి వచ్చిందో రిసీవర్‌కి అక్కర్లేదు. మొదటి టవర్ 10 కిలోమీటర్లలో, రెండోది 70 కిలోమీటర్లలో ఉంటే తేడా 60, గార్డ్ లోపలే. రెండూ కలిసి సిగ్నల్‌ని పెంచుతాయి కూడా. అనలాగ్ రోజుల్లో పక్కపక్క ట్రాన్స్‌మిటర్లకి వేర్వేరు ఫ్రీక్వెన్సీలు ఇవ్వక తప్పేది కాదు. ఇప్పుడు ప్రాంతమంతటికీ ఒకటే చాలు. సింగిల్ ఫ్రీక్వెన్సీ నెట్‌వర్క్ అంటే ఇదే.

అయితే దరువు తప్పకూడదు. ప్రతి టవర్ దగ్గరా జీపీఎస్ రిసీవర్ ఉంటుంది, సెకనుకో టిక్కు కొడుతుంది. కార్యక్రమాల ప్రవాహంలోనే మెగాఫ్రేమ్‌కి (కొన్ని వందల దరువుల కట్టకి) ఒకటి చొప్పున ప్రత్యేక ప్యాకెట్ వస్తుంది: టిక్కు పడ్డాక ఇంతసేపటికి దీన్ని వదలండి అని. సరుకు ముందుగా అందిన టవర్, దూరపు టవర్ కోసం ఆగుతుంది. ఇంజనీర్లు కావాలనే ఒక టవర్‌ని కొన్ని మైక్రోసెకన్లు ఆలస్యం చేస్తారు కూడా. రెండు సిగ్నళ్లూ గార్డ్ దాటి ఢీకొనే చోటు ఊళ్ల మీద పడకుండా సముద్రం మీదికో అడవి మీదికో జరుపుకోవడానికి.

అమెరికా మాత్రం మొదట్లో గబగబా చదివే ఒంటి గొంతునే నమ్ముకుంది. సెకనుకి కోటికి పైగా సంకేతాలు. ప్రతిధ్వనుల్ని చెరిపే భారమంతా రిసీవర్ మీద వేసింది. తర్వాత తెచ్చిన ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త టీవీ పద్ధతిలో వాళ్లూ బృందగానానికే వచ్చారు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. "డిజిటల్ యాంటెన్నా" అనేది అట్ట పెట్టె మీద మాటే. లోహపు కడ్డీకి అనలాగో డిజిటలో తెలియదు. చాలా ఇళ్ల మీద ఉండే చేప ముల్లు లాంటి యాంటెన్నాని 1926లో జపాన్‌లో ఉడా, యాగీ కనిపెట్టారు. అదే నేటికీ పనిచేస్తోంది.

ఇప్పుడు వాన. టీవీ టవర్లు ఎక్కువగా వాడే 470 నుంచి 694 మెగాహెర్ట్జ్ తరంగాల పొడుగు అర మీటరు అటూ ఇటూ. వాన చినుకు కొన్ని మిల్లీమీటర్లు. ఆ తరంగం చినుకుని లెక్కచేయదు. వానకి పోయేది ఉపగ్రహ డిష్ సిగ్నల్. దాని తరంగం రెండున్నర సెంటీమీటర్లే. డిష్ మీద పడాల్సిన నింద పాపం ఈ యాంటెన్నా మీద కూడా పడుతోంది.

గాలి ఆడని నిర్మలమైన సాయంత్రం సంగతి వేరు. నేల త్వరగా చల్లబడుతుంది. కింద చల్లటి గాలి, దాని మీద వెచ్చటి గాలి దుప్పటిలా పరుచుకుంటుంది. మామూలుగా పైకి పోయి అంతరిక్షంలో కలిసిపోవాల్సిన తరంగాలు ఆ పొర దగ్గర కిందికి వంగి, గొట్టంలో పోతున్నట్టు వందల కిలోమీటర్లు పోతాయి. 300 కిలోమీటర్ల అవతలి టవర్ ఇదే నెట్‌వర్క్‌దైతే అది దాదాపు 1,000 మైక్రోసెకన్లు ఆలస్యంగా వస్తుంది. మన బృందం ఈ దరువు పాడుతుంటే అది కిందటి దరువు లాగుతూ ఉంటుంది, మనం చెవులు తెరిచి ఎంతోసేపైనా ఆపదు. వేరే ప్రాంతానిదైతే పాటే వేరు. మన సిగ్నల్ ఈ రొదకంటే సుమారు 50 రెట్లు బలంగా ఉన్నంతసేపూ దిద్దుబాటు కోడ్ అంతా కప్పిపుచ్చుతుంది, మీకు ఏమీ తెలియదు. ఆ గీత దాటిందా, గళ్లు మొదలవుతాయి.

మర్నాడు ఎండెక్కి నేల వేడెక్కితే ఆ పొర చెదిరిపోతుంది, బొమ్మ దానంతటదే వస్తుంది. ఈలోగా యాంటెన్నా తిప్పకండి. ఛానళ్లు మళ్లీ వెతకమని రిమోట్ అసలే నొక్కకండి. ఆ పూట దొరికే జాబితాలో 300 కిలోమీటర్ల అవతలి టవర్ కూడా వచ్చి కూర్చుంటుంది.