ఉల్లిపాయ పది నిమిషాల్లో వేగదు: ఇంటి వంటపై అపోహలు, వాస్తవాలు

కొత్తగా గరిటె పట్టినవాళ్లకు ఇంటి వంట నేర్పడం నా పని. మొదటిరోజు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "మా అమ్మ చేసినట్టు నాకు రాదండీ. అది చేతి మహిమ." నేను వాదించను. ఒక కత్తి, నాలుగు ఉల్లిపాయలు ముందు పెడతాను. ఇన్నేళ్లుగా వింటున్న మాటల్లో కొన్నిటికి మాత్రం ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: రుచి చేతిలో ఉంటుంది, నేర్చుకుంటే వచ్చేది కాదు.

చేతి మహిమ అనేదాన్ని విప్పి చూస్తే లోపల మూడే ఉంటాయి. ఉప్పు ఎప్పుడు వేయాలో తెలియడం, మంట ఎప్పుడు తగ్గించాలో తెలియడం, ఎంతసేపు ఊరుకోవాలో తెలియడం. మూడోది అన్నిటికన్నా కష్టం. అదే పొయ్యి మీద, అదే గిన్నెలో కొన్ని వందలసార్లు వండిన మనిషికి కొలత కంటికి, ముక్కుకు అలవాటైపోతుంది. అందుకే "ఎంత వేశావమ్మా" అని అడిగితే "చూసుకుని వేసుకోవాలి" అంటారు. అది దాపరికం కాదు, ఆవిడ నిజంగానే చూస్తోంది. మీకు ఆ వంట కావాలంటే ఒక చిట్కా ఉంది. ఆవిడ వండే ముందు ఉప్పు డబ్బాను, నూనె గిన్నెను తూకం వేసి రాసుకోండి. వండాక మళ్లీ తూచండి. తేడా ఎంతో అంతే కొలత. ఇక మంట, సమయం పక్కన నిలబడి చూడాల్సిందే.

అపోహ: ఉల్లిపాయలు పది నిమిషాల్లో ఎర్రగా వేగుతాయి.

వంటల పుస్తకాలు ఇంత ధీమాగా చెప్పే అబద్ధం మరొకటి లేదు. ఉల్లిపాయ బరువులో దాదాపు తొంభై శాతం నీళ్లే. ఆ నీరు ఆవిరయ్యేదాకా మూకుట్లో ముక్కల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ ఎర్రటి రంగు, తియ్యటి వాసన రావాలంటే చక్కెరలు, అమైనో ఆమ్లాలు (మాంసకృత్తులకు ఇటుకల్లాంటివి) కలిసి మార్పు చెందాలి. అది చురుగ్గా సాగడానికి 140 డిగ్రీలకు అటూ ఇటూ వేడి కావాలి. 1912లో ఈ మార్పును వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ పేరే దానికి పెట్టారు. అంటే ముందు నీరు పోవాలి, తర్వాతే రంగు. మంట పెంచితే అంచులు మాడి, నడుమ పచ్చిగా ఉంటుంది. పెద్ద మూకుడు, మధ్యస్థం కన్నా కాస్త తక్కువ మంట, నలభై నిమిషాల ఓపిక. అడుగున గోధుమ రంగు పొర అంటుకున్నప్పుడల్లా చెంచాడు నీళ్లు చల్లి గీరి కలపండి. రుచంతా ఆ పొరలోనే ఉంది. చిటికెడు వంట సోడా వేస్తే రంగు త్వరగా వస్తుందన్నది నిజమే. కానీ ముక్క గుజ్జయిపోతుంది. సూపుకైతే పరవాలేదు, పైన చల్లుకునే వేపుడుకు మాత్రం వద్దు.

అపోహ: మాంసాన్ని ముందు పెద్దమంట మీద వేయిస్తే రసం లోపలే ఉండిపోతుంది.

19వ శతాబ్దంలో ఈ మాటకు ప్రచారం తెచ్చినవాడు యూస్టస్ ఫాన్ లీబిష్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. అంత పెద్దాయన చెప్పాడు కాబట్టి వంటవాళ్లందరూ నమ్మేశారు. మూకుడు దగ్గర చెవి పెట్టి వినండి. చుర్రుమనే ఆ చప్పుడు దేనిది? మాంసంలోంచి నీరు బయటికొచ్చి ఆవిరవుతున్న చప్పుడే. రసం బందీ అయి ఉంటే అంత గోల ఎందుకు? అయినా ముందుగా వేయించడం మానకండి. రసం కోసం కాదు, పైన చెప్పిన ఎర్రదనం, దాని రుచి కోసం. ముక్కల తడి తుడిచి, మూకుడు కిక్కిరిసిపోకుండా కొద్దికొద్దిగా వేయించండి. ఒకేసారి కుప్ప పోస్తే అవి వేగవు, తమ నీటిలో తామే ఉడుకుతాయి.

అపోహ: కళపెళా మరిగితే త్వరగా ఉడుకుతుంది.

నీరు నెమ్మదిగా కుతకుతలాడినా, గిన్నె ఎగిరిపడేలా మరిగినా వేడి ఇంచుమించు ఒక్కటే. పెరిగేది ఆవిరి, గ్యాసు ఖర్చు. బంగాళాదుంపలు మాత్రం చితికిపోతాయి. వేడి నిజంగా పెరగాలంటే మూత బిగించి ఒత్తిడి పెంచాలి. 1679లో డెనీ పపాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చేసి చూపించింది అదే. ప్రెషర్ కుక్కర్‌లో వేడి సుమారు 120 డిగ్రీల దాకా వెళుతుంది. ఇక ఉప్పు వేస్తే నీరు త్వరగా మరుగుతుందన్నది కూడా ఒట్టిదే. లీటరు నీటికి పది గ్రాములు వేస్తే మరిగే వేడి డిగ్రీలో అయిదో వంతు కూడా మారదు, మారిన ఆ కాస్తా పైకే.

అపోహ: గింజలకు ముందే ఉప్పు వేస్తే ఉడకవు.

దీన్ని నేనూ చాలాకాలం నమ్మాను. ఒకరోజు రెండు గిన్నెలు పక్కపక్కనే పెట్టి చూశాను. ఉప్పునీళ్లలో నానినవే మెత్తగా, తోలు చిట్లకుండా ఉడికాయి. తోలును గట్టిగా ఉంచే కాల్షియం, మెగ్నీషియం స్థానంలోకి ఉప్పులోని సోడియం చేరుతుంది, తోలు మెత్తబడుతుంది. ఉడకనివ్వని అసలు దొంగలు వేరే ఉన్నారు: పులుపు, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న గడుసు నీళ్లు, ఏళ్లు గడిచిన పాత గింజలు. టమాటా లాంటివి గింజ మెత్తబడ్డాకే వేయండి.

ఇదే చోట ఒక హెచ్చరిక. రాజ్మా గింజల్లో సహజంగానే ఒక విషపదార్థం ఉంటుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు బాగా మరిగించాలి. అరగంట అయితే మరీ నిశ్చింత. సన్నని సెగ మీద గంటల తరబడి వండే ఎలక్ట్రిక్ కుక్కర్లలో నేరుగా వేయకండి. అక్కడ వేడి చాలకపోవచ్చు, సగం ఉడికిన గింజ కడుపును పట్టి కుదిపేస్తుంది.

అపోహ: ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప పీల్చేస్తుంది.

బంగాళాదుంప పీల్చేది ఉప్పును కాదు, ఉప్పునీటిని. మిగిలిన పులుసు ఎంత ఉప్పగా ఉండేదో అంతే ఉంటుంది. నీరో, ఉప్పులేని మరో సరుకో కలపండి. కాస్త పులుపు పిండితే ఉప్పు తగ్గదు గానీ నాలుకకు తక్కువగా అనిపిస్తుంది.

అపోహ: వేడి అన్నం ఫ్రిజ్‌లో పెట్టకూడదు, పూర్తిగా చల్లారాలి.

ఇది ప్రమాదకరమైన జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాటిలో ఒక రకం విషం మళ్లీ వేడిచేసినా పోదు. వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి ఆవిరి పోనిచ్చి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి.

సగం నిజం: రెండోరోజు కూర మరింత రుచి.

మాంసం కూరకు, గింజల కూరకు నిజమే. మాంసంలో కండను పట్టి ఉంచే కొల్లాజెన్ కరిగి జిగురులాంటి జిలాటిన్‌గా మారి, చల్లారాక పులుసు చిక్కబడుతుంది. ఘాటు కాస్త అణుగుతుంది. వేపుళ్లకు వర్తించదు, వాటిని వేడివేడిగానే తినేయాలి.

అపోహ: మనసు బాగోలేనప్పుడు ఇష్టమైనది తింటే చాలు, కుదుటపడుతుంది.

నాకు నచ్చని వాస్తవం ఇది, అయినా చెప్పాలి. 2014లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో కొందరికి బాధ కలిగించే సినిమా దృశ్యాలు చూపించారు. తర్వాత కొందరికి వాళ్లు ఊరట కోసం తినే తిండి పెట్టారు. మరికొందరికి వేరేది పెట్టారు, ఇంకొందరికి ఏమీ పెట్టలేదు. అందరి మనసూ ఇంచుమించు ఒకేలా తేరుకుంది.

నేను ఒప్పుకుంటాను. కానీ అక్కడ తిండి వండి చేతికిచ్చారు. ఎవరినీ ఉల్లిపాయలు తరగమనలేదు. నా దగ్గర ఏ బృందంతోనైనా జరిగేది ఇదే: మొదటి పది నిమిషాలు "ఇంకా ఎంతసేపు" అంటారు. ఇరవయ్యో నిమిషానికి ఫోన్లు పక్కకు వెళతాయి, వాసన మారిందని ఒకరు కనిపెడతారు. ముప్పైకి మాటలు తగ్గి, మూకుడు చుట్టూ చేరతారు. నలభయ్యో నిమిషంలో, మొదట్లో విసుక్కున్న మనిషే పక్కవాళ్ల చేతిలోని గరిటె అందుకుంటూ అంటారు: "ఇలా ఇవ్వండి, కాసేపు నేను కలుపుతాను."