అధ్యక్షుడికి కళ్లెం వేయబోయి 60 రోజులు రాసిచ్చారు

అమెరికా అధ్యక్షుడు ఏ దేశం మీదైనా బాంబులు వేయించిన మర్నాడు వాషింగ్టన్‌లో తప్పకుండా వినిపించే పేరు వార్ పవర్స్ రెజల్యూషన్. 1973 నవంబర్ 7న అప్పటి అధ్యక్షుడు నిక్సన్ వీటోను తోసిపుచ్చి మరీ కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అమెరికా పార్లమెంట్) తెచ్చుకున్న చట్టం ఇది. తమ అనుమతి లేకుండా అధ్యక్షుడు దేశాన్ని యుద్ధంలోకి దించకూడదన్నది దాని ఉద్దేశం. యాభై ఏళ్లు దాటినా ఆ చట్టం ఏ అధ్యక్షుడినీ గట్టిగా ఆపలేకపోయింది. కారణం కోసం ఇవాళ్టి పార్టీ రాజకీయాల్లో వెతికితే కొంతే దొరుకుతుంది. అసలు లోపం అది పుట్టిన రోజుల్లోనే ఉంది.

అక్కడి రాజ్యాంగం ప్రకారం యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది, సేనలను నడిపించే అధికారం అధ్యక్షుడిది. కాంగ్రెస్ చివరిసారి లాంఛనంగా యుద్ధం ప్రకటించింది 1942లో. 1950లో అధ్యక్షుడు ట్రూమన్ ఏ ప్రకటనా లేకుండానే కొరియాకు సైన్యాన్ని పంపారు. 1964 ఆగస్టులో ఉత్తర వియత్నాం తీరంలోని గల్ఫ్ ఆఫ్ టోంకిన్‌లో తమ నౌకల మీద రెండుసార్లు దాడి జరిగిందని అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం చెప్పగానే, అవసరమైన చర్యలన్నీ తీసుకోమంటూ కాంగ్రెస్ తీర్మానం చేసిచ్చింది. ప్రతినిధుల సభలో 416 మంది అవునన్నారు, కాదన్నవాళ్లు ఒక్కరూ లేరు. సెనేట్‌లో ఎదురు నిలిచింది ఇద్దరే: వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. ఆ రెండో దాడి అసలు జరగనే లేదని తర్వాత తేలింది. కానీ ఆ కాగితాన్ని పట్టుకునే 1969 నాటికి 5 లక్షల 40 వేల మంది అమెరికన్ సైనికులు వియత్నాంలో ఉన్నారు.

వియత్నాం కాంగ్రెస్‌కు కోపం తెప్పించింది. చట్టం దాకా తెచ్చింది మాత్రం కంబోడియా.

కంబోడియా తటస్థ దేశం. ఉత్తర వియత్నాం దళాలు అక్కడ స్థావరాలు పెట్టుకున్నాయన్న కారణంతో 1969 మార్చిలో నిక్సన్ రహస్యంగా బి-52 బాంబర్ విమానాలను పంపారు. 14 నెలల్లో 3,800కు పైగా దాడులు, లక్ష టన్నులకు పైగా బాంబులు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగే కొందరు నాయకులకు తప్ప కాంగ్రెస్‌కు తెలియదు. ఒక్కో దాడి ప్రాంతానికి బ్రేక్‌ఫాస్ట్, లంచ్, డిన్నర్ అంటూ తిండి పేర్లు పెట్టారు. చంపడానికి వెళ్లే పనికి భోజనం పేర్లు పెట్టినవాళ్ల మనసు ఎలాంటిదో అనిపిస్తుంది, ఆ పేర్లు తలుచుకున్నప్పుడల్లా.

ఈ రహస్యాన్ని ఎలా దాచారో 1973 జులైలో సెనేట్ కమిటీ ముందు హాల్ నైట్ అనే మాజీ మేజర్ చెప్పారు. ఆయన దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ దగ్గరి బియెన్ హోవాలో, బాంబర్లకు దారి చూపే రాడార్ కేంద్రంలో పనిచేశారు. దాడి ఉన్న రోజు ఒక కొరియర్ చేత్తో కవరు తెచ్చి ఇచ్చేవాడు. అందులో కంబోడియాలోని లక్ష్యాల వివరాలు ఉండేవి. రాత్రి విమానాలను ఆ లెక్క ప్రకారమే నడిపించేవారు. తెల్లవారాక ఆ కాగితాలన్నీ నైట్ స్వయంగా తగలబెట్టేవారు. పైకి పంపే రిపోర్టులో మాత్రం బాంబులన్నీ దక్షిణ వియత్నాంలోనే పడ్డట్టు రాసేవారు. అంటే శత్రువుకు తెలియకూడదన్న జాగ్రత్త కాదిది. పైనుంచి బాంబులు పడుతున్న సంగతి కింద ఉన్నవాళ్లకు తెలియకుండా ఉంటుందా? తెలియకుండా ఉంచింది అమెరికా ప్రజలకు, వాళ్లు ఎన్నుకున్న సభలకు.

1970 ఏప్రిల్ 30న నిక్సన్ టీవీలో కనిపించి కంబోడియాలోకి సైన్యం వెళ్తోందని ప్రకటించారు. కాలేజీలు భగ్గుమన్నాయి. నాలుగు రోజులకే ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డ్ (రాష్ట్ర రిజర్వ్ సైన్యం) కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. టోంకిన్ తీర్మానాన్ని 1971 జనవరిలో కాంగ్రెస్ రద్దు చేసింది. యుద్ధం ఆగలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే, బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తుండగా, నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతానికి పంపారు. దానికీ కాంగ్రెస్‌లో ఓటింగ్ లేదు.

1973 జనవరిలో అమెరికా వియత్నాం నుంచి తప్పుకునే పారిస్ ఒప్పందం కుదిరింది. మార్చికల్లా సైనికులు ఇళ్లకు చేరారు. కంబోడియా మీద బాంబులు మాత్రం పడుతూనే ఉన్నాయి. బ్రూక్లిన్ నుంచి కొత్తగా గెలిచిన ప్రతినిధి ఎలిజబెత్ హోల్ట్‌జ్‌మన్ దాన్ని ఆపమని కోర్టుకెక్కారు. కింది కోర్టు జడ్జి ఆమె వైపు తీర్పు ఇచ్చారు, పై కోర్టు స్టే ఇచ్చింది. ఆగస్టు 4న సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ ఆ స్టేను ఎత్తేశారు. కొన్ని గంటల్లోనే మిగతా జడ్జీలు ఆయన ఆదేశాన్ని పక్కన పెట్టేశారు. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లోనే ఒక బి-52 పొరపాటున నేక్ లుయాంగ్ అనే మిత్రపక్షపు ఊరి మీద బాంబులు వదిలింది. 137 మంది చనిపోయారు. ఆ స్టే అలాగే ఎత్తేసి ఉంటే ఆ విమానం లేచేదా అన్న ప్రశ్నను నేను దాటి వెళ్లలేను. చివరికి ఆగస్టు 15న బాంబింగ్ ఆగింది, కాంగ్రెస్ నిధులు కోసేయడం వల్ల.

ఇక చట్టం సంగతి. సెనేట్‌లో జేకబ్ జావిట్స్, ప్రతినిధుల సభలో క్లెమెంట్ జబ్లాకీ దీనికి ముందు నిలిచారు. అధ్యక్షుడు తనంతట తాను బలగాలను యుద్ధంలోకి ఎప్పుడెప్పుడు దించవచ్చో ఒక్కొక్కటిగా రాసి, మిగతా సందర్భాల్లో కుదరదని చెప్పింది సెనేట్ బిల్లు. రెండు సభల బిల్లులను కలిపేటప్పుడు ఆ పరిమితులు అమల్లో ఉండే సెక్షన్లలోంచి ఉద్దేశాలు చెప్పే భాగంలోకి వెళ్లిపోయాయి. మిగిలింది ఇది: బలగాలను దించాక 48 గంటల్లో కాంగ్రెస్‌కు రిపోర్టు ఇవ్వాలి, 60 రోజుల్లో అనుమతి రాకపోతే వెనక్కి రప్పించాలి, అందుకు ఇంకో 30 రోజులు తీసుకోవచ్చు. సెనేట్ బిల్లు రాయడంలో చెయ్యి ఉన్న థామస్ ఈగిల్టన్ ఈ రూపం చూసి ఎదురు తిరిగారు. కళ్లెం అనుకుని అధ్యక్షుడికి లేని అధికారాన్ని చట్టంగా రాసిస్తున్నారని ఆయన వాదన. వీటోను తోసిపుచ్చే ఓటింగ్‌లోనూ వ్యతిరేకంగానే ఓటేశారు. అప్పుడు ఆయన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. అక్టోబర్ 20 రాత్రి ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో జరిగిన వాటర్‌గేట్ దొంగతనం కేసును దర్యాప్తు చేస్తున్న ప్రాసిక్యూటర్‌ను నిక్సన్ తీసేయించిన వేడి అది. ప్రతినిధుల సభలో 284-135, సెనేట్‌లో 75-18తో చట్టం వచ్చేసింది.

మరుసటి ఏడాది జులైలో నిక్సన్ మీద అభిశంసన అభియోగాలు రాస్తున్న ప్రతినిధుల సభ జుడిషియరీ కమిటీ ముందుకు కంబోడియా రహస్య బాంబింగ్ కూడా వచ్చింది. 26-12తో దాన్ని తిరస్కరించారు. వాటర్‌గేట్ దొంగతనాన్ని కప్పిపుచ్చడం అభియోగమైంది, ఒక దేశం మీద బాంబులు వేసి దాచడం కాలేదు. నన్ను అడిగితే చట్టం సగం బలం ఆ ఓటుతోనే పోయింది.

1975 మే నెలలో అమెరికా వాణిజ్య నౌక మయాగెజ్‌ను కంబోడియా కమ్యూనిస్టు పాలకులైన ఖ్మేర్ రూజ్ పట్టుకున్నప్పుడు, నిక్సన్ తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ మెరైన్లను పంపారు. హెలికాప్టర్ ప్రమాదంతో కలిపి 41 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. కాంగ్రెస్‌కు రిపోర్టు చేరేసరికే పోరాటం ముగిసిపోయింది. 60 రోజుల గడియారాన్ని తిప్పే సెక్షన్‌ను పేరు పెట్టి ప్రస్తావించిన రిపోర్టు అదొక్కటే. తర్వాతి అధ్యక్షులు చట్టానికి అనుగుణంగా తెలియజేస్తున్నామని రాసి, ఆ సెక్షన్ జోలికి పోలేదు. 1973లోనే నిర్బంధ సైనిక నియామకం కూడా ముగిసింది. ఇంటి పిల్లాడికి పిలుపు వస్తుందన్న టెన్షన్ పోయాక, సభ్యుల మీద ఓటర్ల ఒత్తిడీ సడలింది.

పెద్ద దెబ్బ 1983లో తగిలింది. చడ్ఢా కేసులో సుప్రీంకోర్టు, అధ్యక్షుడి సంతకానికి పంపకుండా కాంగ్రెస్ చేసే తీర్మానాలకు చట్టబలం లేదంది. బలగాలను రప్పించమని ఉభయ సభలు తీర్మానిస్తే చాలన్న 1973 నాటి ఏర్పాటు దాంతో కుప్పకూలింది. ఇప్పుడు అధ్యక్షుడు వీటో చేస్తే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 2011లో లిబియా మీద దాడులు 60 రోజులు దాటితే, ఈ చట్టం చెప్పే స్థాయి పోరాటం ఇది కాదని ఒబామా ప్రభుత్వం వాదించింది. యెమెన్ యుద్ధంలో సౌదీ కూటమికి సాయం ఆపమని 2019లో రెండు సభలూ తీర్మానిస్తే ట్రంప్ వీటో చేశారు. దాన్ని తోసిపుచ్చడానికి సెనేట్‌లో 53 మంది నిలిచారు, చాలలేదు. 2025 జూన్‌లో ఇరాన్ అణు కేంద్రాల మీద దాడి జరిగిన కొద్ది రోజులకు అధ్యక్షుడిని ఆపాలంటూ సెనేట్‌కు వచ్చిన తీర్మానం వీటో దాకా కూడా పోలేదు, 47-53తో అక్కడే వీగిపోయింది.