స్కాట్లాండ్ చిత్తడి నేలలో కాలు పెట్టే ముందు

ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు సాధారణంగా వేసవినే ఎంచుకుంటారు. సెలవు దొరగ్గానే అందరూ కారెక్కి గ్లెన్‌కో వైపో, స్కై ద్వీపం వైపో బయల్దేరతారు. అక్కడి కొండలు మరీ ఎత్తేమీ కావు. అన్నింటికన్నా పెద్దదైన బెన్ నెవిస్ 1,345 మీటర్లే, మన అల్లూరి జిల్లాలో అంతకంటే ఎత్తయిన కొండలున్నాయి. నడిచేవాళ్లకు పరీక్ష పెట్టేది ఎక్కువగా అక్కడి నేల.

పశ్చిమ హైలాండ్స్ అనే కొండ ప్రాంతంలో కొన్నిచోట్ల ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేది సుమారు 800. పైగా అక్కడ చల్లదనం వల్ల పడ్డ నీరు త్వరగా ఆవిరి కాదు. ఎప్పుడూ నీళ్లు నిలిచిన నేలలోకి గాలి చొరబడదు, చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లవు. స్ఫాగ్నమ్ అనే నాచు ఆ నీటిని పుల్లగా, అంటే ఆమ్లంగా మార్చి కుళ్లడాన్ని ఇంకా ఆపేస్తుంది. అలా పేరుకున్న నల్లటి మెత్తటి పొరే పీట్. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మీటరు లోతు పీట్ అంటే వెయ్యేళ్ల గడ్డీ నాచూ అన్నమాట. వాగుల్లో నీళ్లు టీ డికాక్షన్ రంగులో కనిపించేదీ దీనివల్లే.

2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో చాలామటుకు భూముల్లో బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఉంది. అందుకని దారి అయిపోయాక కూడా ముందుకు వెళ్లాలనిపిస్తుంది. అప్పుడు రంగు చూసి అడుగెయ్యాలి. నిగనిగలాడే లేత పచ్చ నాచు కింద నీళ్లుంటాయి. ఊదా పూల హెదర్ పొదలు కాస్త ఆరిన గడ్డల మీద పెరుగుతాయి, కాలు అక్కడ మోపాలి. అనుమానం ఉన్నచోట ముందు కర్రతో పొడిచి చూడాలి. జీన్స్ మాత్రం వద్దు. తడిసిన నూలుబట్ట ఆరదు, గాలి తగిలితే ఒంటి వేడిని లాగేస్తుంది.

ఈ పీట్‌లోనే మిడ్జ్ పిల్లపురుగులు పెరుగుతాయి. పెద్దయ్యాక రెక్కలు చాచినా మూడు మిల్లీమీటర్లు దాటని ఈగ ఇది, మన నుసుముల్లా గుంపులుగా ముసురుతుంది. ఆడవే కుడతాయి. దోమలా సూది గుచ్చదు, చర్మాన్ని కోసి ఊరిన రక్తం పీలుస్తుంది. మొదటి విడత గుడ్లకు దానికి రక్తమే అక్కర్లేదు, అందుకే మనుషులూ పశువులూ లేని లోయల్లో కూడా దండిగా ఉంటుంది. స్కాట్లాండ్‌లో ఇది మనుషులకు రోగాలేవీ అంటించదు. కానీ మొదటిది కుట్టాక అది వదిలే వాసనకు మిగతావి వచ్చి చేరతాయి, పది నిమిషాలు కూర్చోనివ్వవు.

మిడ్జ్‌కు ఎండా గాలీ పడవు. గంటకు 11 కిలోమీటర్ల గాలి వీస్తే ఎగరలేదు. ఉదయం, సాయంత్రం మసక వెలుతురంటే దానికి ఇష్టం. మన దగ్గర పొద్దు గుంకాక అరగంటలో చీకటి పడుతుంది. ఇన్వర్‌నెస్‌లో జూన్ నెలాఖరున పొద్దు గుంకేసరికే రాత్రి పది దాటుతుంది, ఆ తర్వాత మసక వెలుగు గంటకు పైగా సాగుతుంది. తెచ్చుకున్న పులిహోర తినాలంటే చెట్ల చాటు వదిలి, గాలి తగిలే మిట్ట మీద కూర్చోవాలి. మామూలు దోమతెర కన్నాల్లోంచి మిడ్జ్ దూరిపోతుంది. అక్కడి దుకాణాల్లో సన్నని అల్లికతో తలకు తొడుక్కునే వల దొరుకుతుంది. చర్మానికి పురుగుల్ని దగ్గరికి రానివ్వని, పికారిడిన్ ఉన్న మందు రాసుకోవాలి.

ఎక్కువ జాగ్రత్త అవసరమైంది పిడుదు విషయంలో. మన ఊళ్లలో పశువులకు పట్టే గోమారి జాతిదే. పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. ఎగరదు, దూకదు. బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క ఆకుల చివర, పొడుగు గడ్డి కొసన ముందు కాళ్లు చాచి కాచుకుని, రాసుకుంటూ పోయేదాన్ని పట్టుకుంటుంది. చీర కుచ్చిళ్లు, వదులు ప్యాంటు అంచులు దానికి తేలిగ్గా అందుతాయి. లేతరంగు ప్యాంటు వేసుకుని అంచుల్ని మేజోళ్లలోకి దోపుకుంటే, పాకేది కంటపడుతుంది. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో, నడుం చుట్టూ, పిల్లలకైతే జుట్టులో, చెవుల వెనకా వెతకాలి.

అంటుకుని కనిపిస్తే సన్నమొన ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి, పిడుదు తల దగ్గర పట్టుకుని నిటారుగా, నెమ్మదిగా లాగాలి. నూనె పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం, పొట్ట నొక్కడం చెయ్యకూడదు. పిడుదు కాటుతో సోకే లైమ్ వ్యాధి క్రిములు దాని కడుపులో ఉండొచ్చు, ఇలా చేస్తే అది వాటిని మన ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. ఎంత త్వరగా తీస్తే వ్యాధి సోకే అవకాశం అంత తక్కువ.

వ్యాధి సోకితే చాలామందిలో నాలుగు వారాల లోపు కుట్టినచోట గుండ్రని మచ్చ మొదలై పెద్దదవుతుంది, ఒక్కోసారి మూడు నెలలు కూడా పట్టొచ్చు. దురద, నొప్పి ఉండకపోవచ్చు. మన చామనఛాయ మీద ఆ ఎరుపు సరిగా తెలియదు. అప్పటికి చాలామంది విజయవాడకో వరంగల్‌కో తిరిగొచ్చేసి ఉంటారు. లైమ్ మన దగ్గర అరుదు కాబట్టి డాక్టరుకు వెంటనే స్ఫురించకపోవచ్చు. మచ్చ ఫొటో తీసి, స్కాట్లాండ్‌లో ఏ తేదీన ఎక్కడ నడిచిందీ, పిడుదు కుట్టిన సంగతీ డాక్టరుతో చెప్పాలి. తొలిదశలో డాక్సీసైక్లిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్‌తోనే నయమవుతుంది.